బువ్వ తిన్నాక తోడు కూర్చునే పని

నాకు రాయడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే భయం కొంచెం తగ్గుతుంది. ఓర్వకల్లు దగ్గర మా పల్లెలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత సంతకం పెట్టడానికి, మంచాల మీద పేర్లు చదవడానికి తప్ప అక్షరాలతో నాకు పని పడలేదు. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు తప్పుతాయి. ఉండాల్సిన చోట లేకపోతే మీరే పెట్టుకుని చదువుకోండి.

నా పేరు దస్తగిరమ్మ. కర్నూలులో ఒక ఆసుపత్రిలో, మనసు జబ్బుల వార్డులో ఆయాగా పనిచేసి రిటైరయ్యాను. ఆసుపత్రి పేరు రాయను. అక్కడికి వచ్చిన పిల్లల పేర్లు కూడా మార్చి రాస్తాను. అది మా వార్డు కట్టుబాటు. ఈమధ్య వార్డులోకి కొత్త ఆయాలను తీసుకున్నారట. మా హెడ్ నర్సు రూతు సిస్టర్ ఫోన్ చేసి, "దస్తగిరీ, నువ్వు నేర్చుకున్నది వాళ్ళకు రాసియ్యి" అంది.

"వాళ్ళను మా ఇంటికి పంపండి సిస్టరమ్మా, నోటితో చెప్తా" అన్నాను.

"నువ్వు చెప్పడం మొదలుపెడితే మధ్యలో మీ ఎనుము ఈనిన కతంతా వస్తాది. రాస్తే చెయ్యి నొప్పి పుట్టి అసలు సంగతే రాస్తావు" అంది.

అందుకని రాస్తున్నాను.

కూర్చోవడమే పని

ఆయా అంటే పక్కలు దులపడం, బెడ్‌పాన్లు కడగడం అనుకుంటారు. అవీ చేశాను. చివరి ఏళ్ళలో మాత్రం నా పని వేరు. వసుంధర డాక్టరమ్మ ఒక జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టింది. వార్డు చివర ఒక గది దానికే ఇచ్చారు. ఆ గదిలో ఉండే ఆడపిల్లలు అన్నం తినేటప్పుడు నేను వాళ్ళతో కూర్చోవాలి. తిన్న తర్వాత ఇంకో గంట, వాళ్ళను ఒంటరిగా వదలకుండా కూర్చోవాలి. అంతే పని. మా ఆయన పగలబడి నవ్వాడు. "కూసుంటే జీతమిస్తారా? నాగ్గూడా చెప్పు అట్లాంటి ఉద్యోగం. నాకంటే బాగా కూసునేటోడు ఈ ఊర్లో ల్యాడు" అన్నాడు.

జబ్బు పేరు బులీమియా. డాక్టరమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. తప్పు రాస్తే పెద్దవాళ్ళను అడిగి దిద్దుకోండి. ఈ జబ్బున్న మనిషి ఎవరూ చూడనప్పుడు ఒక్కసారిగా చాలా తింటుంది. ఆకలికి కాదు. ఆపాలనుకున్నా చెయ్యి ఆగదు. తిన్న వెంటనే సిగ్గు, భయం పట్టుకుంటాయి. తిన్నదంతా కక్కేస్తే తప్ప ప్రాణం కుదుటపడదు. కొందరు కక్కరు, రోజుల తరబడి పస్తులుంటారు. పస్తులుంటే మళ్ళీ ఆకలి, మళ్ళీ తినడం, మళ్ళీ సిగ్గు. గానుగెద్దు తిరిగినట్టే. మగపిల్లలకు కూడా వస్తుందట. మా గదికి మాత్రం రాలేదు.

"ఇది తిండిపోతుతనం కాదు దస్తగిరమ్మా, పొగరు అంతకన్నా కాదు" అని డాక్టరమ్మ చెప్పింది. "మనిషిని చూస్తే తెలియదు. సన్నగా ఉండాలని లేదు, లావుగా ఉండాలని లేదు. మాటిమాటికీ కక్కుకుంటే పళ్ళు అరుగుతాయి, బుగ్గల దగ్గర గ్రంథులు వాస్తాయి. రక్తంలో కొన్ని లవణాలు పడిపోతాయి. గుండె సరిగ్గా కొట్టుకోవాలంటే అవే కావాలి."

"లవణమంటే ఉప్పు కదమ్మా? అయితే అన్నంలో రోంత ఉప్పు ఎక్కువ ఏస్తే సరిపోదా?" అన్నాను. ఆమె నవ్వలేదు. ఇది ఆ ఉప్పు కాదని, పొటాషియం అంటారని, ఎక్కువైనా ప్రమాదమేనని, అందుకే రక్తం చూసి కొలిచి ఇస్తారని ఓపికగా చెప్పింది. అంత చదివిన మనిషి ఆయాకు ఒక సంగతి విడమరిచి చెప్పడం అంతకుముందు నేను చూడలేదు. ఆమెకు నేను రుణపడ్డది అక్కడ మొదలైంది.

డాక్టరమ్మకు పై అధికారి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనకు ఈ గది ఇష్టం లేదు. ఒకరోజు రౌండులో, "కూలి కోసం పల్లెలకు పల్లెలు వలస పోతాంటే, తిని కక్కేవాళ్ళకు గది కావాల్నా మేడం?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట సబబే అనిపించింది. మా పల్లెలో కరువు ఏళ్ళలో గంజి పంచుకుని తాగినవాళ్ళం మేము.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "సార్, కరువు చూసిన ఇళ్ళ పిల్లలే ఎక్కువ దాస్తారు. అన్నం పారబోస్తున్నామే అన్న పాపభీతి. ఆ భయంతో నోరు విప్పక, ఒక రోజు స్పృహ తప్పి మన దగ్గరికే వస్తారు." ఆయన పక్క మంచం వైపు నడిచాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆ పిల్లలను వేరే కంటితో చూశాను.

మన దిక్కు పలకరింపు

మనిషి కనపడితే మన దిక్కు మొదట అడిగేది "తిన్యావా?" అనే కదా. గదిలో మొదటి రోజు ఒక పాపను చూసి నేనూ అదే అడిగాను. ఆ పాప ముఖం గోడ వైపు తిప్పేసుకుంది. రూతు సిస్టర్ నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఏం అడిగినావు ఆ పాపను?"

"తిన్యావా అని. ఇంకేం అడుగుతారు సిస్టరమ్మా?"

"కాలు విరిగినోన్ని పట్టుకుని పరిగెత్తినావా అని అడుగుతావా?"

"అడగను."

"ఇదీ అంతే. తిండి సంగతి డాక్టరమ్మ అడుగుతాది, నేను అడుగుతా. నువ్వు వేరేది అడుగు."

"వేరేదంటే?"

"వాన గురించి అడుగు."

"మన కర్నూల్లో వాన గురించి అడిగితే ఏడుపొస్తాది సిస్టరమ్మా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు నాకు కనపడకుండా పక్కకు తిరిగి, "పో, పోయి పని చూసుకో" అంది. రూతు సిస్టర్ కోపిష్టి. ఆమె తిట్లు తినని ఆయా లేదు. కానీ ఆమె తిట్టిన ప్రతి తిట్టూ ఏదో ఒక పిల్ల మేలు కోసమే తిట్టింది.

కొత్తగా వచ్చిన మీకు ఇదే మొదట చెప్తున్నా. "చిక్కిపోయినావు" అనొద్దు. "ఒళ్ళు చేసినావు, బాగుండావు" అని అసలే అనొద్దు. మనం మెచ్చుకున్నాం అనుకుంటాం, ఆ పిల్ల మూడు పూటలు అదే మాట నమిలి నమిలి ఏడుస్తుంది. మా వంట హుసేన్ సాబుకు ఇది నేర్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన గరిట మీద డాక్టరు మాట చెల్లేది కాదు. "బిడ్డ పెట్టమని అడక్కపోయినా పెట్టేది మన ధర్మం" అని ఇంకో ముద్ద వేసేవాడు. ఆ ఎక్కువ ముద్దే ఆ పిల్లకు కొండంత భయమని ఆయనకు నచ్చజెప్పడానికి డాక్టరమ్మే వంటింట్లోకి పోయి పీట వేసుకుని కూర్చుంది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

పరిశోధన మొదట్లో డాక్టరమ్మ ప్రశ్నల కాగితాలు తీసుకుని ఆడపిల్లల హాస్టళ్ళకు పోయేది. ఆయమ్మ పక్కన ఉంటే పిల్లలు బెదరరని నన్నూ తీసుకుపోయేది. కర్నూలు, కడప, ఆ మధ్య ఊర్లు తిరిగాం. కాగితంలో ఒక ముఖ్యమైన ప్రశ్న ఉండేది. "లావవుతానేమోనని భయమా?" అని. శానామంది "లేదు మేడం" అనేవాళ్ళు. లేదంటే జబ్బు లేనట్టే లెక్క. అయితే ఈ జబ్బు మన దిక్కు లేదేమో అని డాక్టరమ్మ కూడా అనుకుంది.

ఒకరోజు గదిలో ఉన్న ఒక పాప, ఆ ప్రశ్న మళ్ళీ అడిగితే విసుక్కుంది. "లావు గురించి నాకు దిగుల్లేదు మేడం. కడుపులో ఏమన్నా ఉంటే నేను చెడ్డదాన్ని అనిపిస్తాది. ఖాళీగా ఉంటే మంచిదాన్ని అనిపిస్తాది. అంతే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. ఆ తర్వాత మా అందరి ముందే, "తలుపు ఒక దిక్కు ఉంటే నేను ఇన్నాళ్ళు గోడ మీద కొట్టాను. నేను అడిగిందే తప్పు" అంది. అప్పటి నుంచి కాగితం పక్కన పెట్టి, "తిన్నాక మనసులో ఎట్లుంటుంది?" అని అడగడం మొదలుపెట్టింది. పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు. పెద్ద పదవిలో ఉండి నేను తప్పడిగాను అని నలుగురిలో చెప్పిన మనిషి కింద పనిచేయడం అదృష్టం. మీకు అట్లాంటి పెద్దలు దొరికితే వాళ్ళ బదిలీ కోసం ఎదురు చూడకండి.

పులిజూదం

తిన్నాక ఆ గంట శానా కష్టం. పిల్లలు కడుపు పట్టుకుని కూర్చుంటారు. కళ్ళన్నీ బాత్రూం తలుపు మీదే. మాటలు సాగవు. ఊరికే కాపలా కూర్చుంటే పోలీసు కూర్చున్నట్టే ఉంటుంది. బొంత కుట్టిద్దామని పాత చీరలు తెచ్చాను. "మనసు జబ్బుల వార్డులోకి సూది తెస్తావా, నీకు బుద్ధుండాదా?" అని రూతు సిస్టర్ వెనక్కి పంపింది. చివరికి సుద్దముక్కతో నేల మీద పులిజూదం గీశాను. గులకరాళ్ళు పులులు, చింతపిక్కలు మేకలు.

సిస్టర్ వచ్చి చూసి, "ఇది వార్డా, రచ్చకట్టా?" అంది. డాక్టరమ్మ చెప్పులు విడిచి నేల మీద కూర్చుని మేకలు తీసుకుంది. అన్ని మేకలూ పోగొట్టుకుని లేచింది. "ఇది ఉండనీండి సిస్టర్. ఆలోచన కడుపు మీద నుంచి ఆట మీదికి పోతుంది. ఆ కోరిక అల లాంటిది. కాసేపు ఆగితే దానంతట అదే తగ్గుతుంది, తగ్గుతుందని వాళ్ళకు తెలియాలి" అంది.

ఈ పనిలో నేను నేర్చుకున్న కిటుకు అదొక్కటే. గెలిపించాలని చూడకండి. నిజంగా ఆడండి. ఊరికే ఓడిపోతే ఆ పిల్లలు కనిపెట్టేస్తారు.

నాగవేణి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాజంపేట దగ్గర పల్లె నుంచి నాగవేణి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. డిగ్రీ చదువుతుండేది. కాలేజీ మెట్ల మీద స్పృహ తప్పి పడింది. పొటాషియం బాగా పడిపోయి ఉంది, ఈసీజీలో గుండె గీతలు సరిగ్గా లేవు. తండ్రి కువైట్‌లో పని. వెంట వచ్చింది తల్లి లక్ష్మీదేవి, తండ్రి తల్లి ఓబులమ్మ. పిల్ల ఆమెను జేజి అని పిలిచేది, మేమూ జేజి అనే పిలిచాం.

జేజి గదిలోకి వస్తూనే నాతో అంది. "ఇది జబ్బు కాదు మే. నా మనవరాలికి మందు పెట్టినారు."

పెట్టుమందు సంగతి తెలియని వాళ్ళకు చెప్తాను. అన్నంలోనో తీపిలోనో ఏదో కలిపి పెడితే అది కడుపులో ఉండ కట్టి ఉండిపోతుందని, తిన్నవాళ్ళు పెట్టినవాళ్ళ మాటే వింటారని, లేకపోతే తిండి సయించక కృశించిపోతారని మన పల్లెల్లో నమ్మకం. దాన్ని తీసేవాళ్ళుంటారు. ఏదో పసరు తాగించి కక్కిస్తారు. మా తమ్ముణ్ణి చిన్నప్పుడు మా అమ్మ అట్లాగే తీసుకుపోయింది. అందుకే జేజి మాట నాకు వింతగా అనిపించలేదు.

"ఎవరు పెట్టినారవ్వా?" అన్నాను.

తల్లి అందుకుంది. "ఎవురో ఎందుకు పెడతారు? ఈమె కూతురే. నా ఆడబిడ్డ సుబ్బరత్న. రాజంపేటలో ఉండాది. పిల్లలు ల్యారు. ఇంటర్ చదివేటప్పుడు నా బిడ్డ ఆమె ఇంట్లోనే ఉన్నింది. మా పాపను తన పక్కకు తిప్పుకోవల్లని పెట్టింది."

ఆ ఇంట్లో ఉన్నప్పుడే పాప తిండి మానేసిందట, చిక్కిపోయిందట. రెండుసార్లు పసరు తాగించి కక్కించారట. "కక్కినాక మంచిగైందనుకున్యాం. బుగ్గలు గూడా వచ్చినాయి" అంది తల్లి. ఆ బుగ్గలు వాపని నేను అప్పటికే డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నాను. కక్కి కక్కి వాచిన బుగ్గలను చూసి ఇంట్లో వాళ్ళు సంతోషపడ్డారు. వాళ్ళను ఏమనగలం? ఆ సంగతి వాళ్ళకు ఎవరు చెప్పారు గనక?

ఆ నింద పడినప్పటి నుంచి జేజి తన కూతురు గడప తొక్కలేదు. సుబ్బరత్న మాత్రం పాపను చేర్చారని తెలిసి రాజంపేట నుంచి కడప, కడప నుంచి కర్నూలు బస్సులు మారి వచ్చేది. తల్లి, జేజి ఆమెను వార్డులోకి రానిచ్చేవాళ్ళు కాదు. మెట్ల కింద కూర్చునేది. జేజి ఆమె ముందు నుంచే పైకి పోయేది, దిగేది, తల తిప్పేది కాదు. నేను కిందికి పోయినప్పుడల్లా సుబ్బరత్న ఒకటే అడిగేది. "ఆయమ్మా, పాప ఈ పొద్దు నవ్విందా?"

మందు తీయించిన రోజు

డాక్టరమ్మ జేజిని కసరలేదు. పక్కన కుర్చీ వేయించి, "అవ్వా, మందు తీసే ఆయన దగ్గర ఏం జరుగుతుందో నాకు చెప్పు" అంది.

"ఏముండాది, పసరు తాపుతాడు. కక్కుతాది. ఉండ బయటపడతాది."

"మళ్ళీ తీసుకుపోవాలనుకుంటున్నారా?"

"వేరు మిగిలిందంట. వచ్చే అమాస నాడు తీస్తే వేరుతో సహా వస్తాదన్న్యాడు."

"ఇప్పుడు కక్కిస్తే గుండె ఆగిపోవచ్చు అవ్వా."

"మీ మిసన్లకు మందు కనపడదు డాక్టరమ్మా. మీరు మంచోళ్ళే. ఇది మీకు తెలిసేది కాదు."

నాగవేణి మంచం మీద కూర్చుని అంతా వింటూ ఉంది. గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ మధ్యాహ్నం భోజనం అయ్యాక మేమిద్దరం పులిజూదం ముందు కూర్చున్నాం. ఆమె పులి నా మేకను దూకి తీయొచ్చు, తీయలేదు.

"ఏం పాపా, మేక కనపడల్యా?"

"ఆయమ్మా, నీకు ఒకటి చెప్తే ఎవురికీ చెప్పవు కదా?"

ఈ మాట మీకూ వస్తుంది. అప్పుడు ఏం చెప్పాలో రూతు సిస్టర్ నాకు ముందే నేర్పింది. "చెప్పను అని మాటియ్యలేను పాపా. నీ ప్రాణం సంగతైతే డాక్టరమ్మకు చెప్తా. ఇంట్లో వాళ్ళకు మాత్రం నా నోటి నుంచి పోదు."

ఆమె చేతిలో గులకరాయి కింద పెట్టింది. ఆ తర్వాత చెప్పింది. ఇంటర్‌లో మార్కుల భయానికి అత్త ఇంట్లో వంటగదిలో ఎవరూ లేనప్పుడు తినేదట. తిన్నందుకు సిగ్గుపడి రెండు రోజులు తినకుండా ఉండేదట. అట్లా చిక్కిపోయింది. ఇంట్లో వాళ్ళు చూసి మందు పెట్టినారన్నారు.

"మొదటిసారి కక్కించిన పొద్దు, అమ్మ ఏడ్చింది ఆయమ్మా, సంతోషంతో. జేజి నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకునింది. కడుపు తేలిక, తల తేలిక. నేను చేసిన తప్పంతా బయటికి పోయినట్టుండె. అంత హాయి నాకు ఎప్పుడూ ల్యా. ఆ పొద్దు నుంచి…" ఆపేసింది.

"ఆ పొద్దు నుంచి నువ్వే."

"నేనే. అత్త నాకు వేడన్నం తప్ప ఏం పెట్టల్యా. అందరూ ఆమెను తిడతాంటే నేను గమ్మునుండా. చెప్తే నన్ను ఏమంటారో అని. చెప్పకుంటే అత్త…"

చెప్తానని ముందు నాగవేణికి చెప్పే, ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏ మందు వేశారో అదే జబ్బయింది" అంది. ఇంట్లో వాళ్ళకు చెప్పమని పాపను తొందరపెట్టలేదు. రోజూ ఆమెతో మాట్లాడేది. అమావాస్య మాత్రం మా కోసం ఆగదు కదా.

బట్టల సంచి

అమావాస్య ముందు రోజు పొద్దున తల్లి, జేజి ఆటో మాట్లాడుకుని వచ్చారు. డాక్టరమ్మ గుండె గీతల కాగితం పెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. తల్లి వింటూనే బట్టలు సంచిలో సర్దింది. "ఏమన్నా అయితే మాదే పూచీ. యాడ సంతకం పెట్టల్లో చూపించండి" అంది.

రూతు సిస్టర్ అడ్డం నిలబడింది. "మీ సంతకం కాదమ్మా. పాప మేజరు. పాప వస్తానంటేనే తీస్కపోండి, రానంటే ల్యా."

అందరూ నాగవేణి వైపు చూశారు. ఆమె మంచం దిగి నా చెయ్యి పట్టుకుంది.

"నేను రాను జేజీ."

"ఎందుకే? భయమా? నేనుంటా కదా పక్కన."

"తీసేదానికి లోపల ఏం ల్యా."

"నీకేం తెలుసు నాయనా, అది—"

"అత్త ఏం పెట్టల్యా జేజీ. నేనే కక్కుకుంటాండా. పతిసారీ నేనే."

తల్లి చేతిలో సంచి జారింది. "ఎవురు నేర్పినారే నీకీ పని?"

"మీరే కదమ్మా పసరు తాపేటాయన కాడికి తీస్కపోయినారు. ఆ పొద్దు నేను కక్కితే అందరూ ఎంత సంతోషపడినారు! నాకూ హాయిగా ఉన్నింది. మళ్ళా ఆ హాయి కావల్లనిపించె. ఇప్పుడు ఆపుదామన్నా నా చేత కాల్యా."

తల్లి కొట్టడానికి చెయ్యెత్తింది. జేజి ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుంది. పట్టుకుని అట్లాగే నిలబడింది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"యాడుండాది?"

"ఎవరవ్వా?"

"నా బిడ్డ."

"మెట్ల కింద ఉండాది."

జేజి మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగుతుంటే నేను రెక్క పట్టుకున్నాను. సుబ్బరత్న ఆమెను చూసి, నీళ్ళ సీసా పట్టుకుని లేచి, ఎప్పటిలాగే దారి వదిలి గోడకు ఒదిగింది. జేజి ఆమె ముందు ఆగింది.

"దప్పికైతాంది. ఆ సీసా ఇట్లియ్యి."

సుబ్బరత్న సీసా కొంగు చాటుకు తీసుకుంది. "ఇవి… నా చేతి నీళ్ళమ్మా."

"నాకు తెల్దా? ఇయ్యి మే, గొంతెండిపోతాంది."

జేజి ఆ నీళ్ళు చుక్క మిగల్చకుండా తాగింది. మందు పెట్టిందని నింద పడ్డ మనిషి చేతి నీళ్ళు నలుగురిలో తాగడమంటే ఏమిటో మన దిక్కు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. తప్పయిందని జేజి అనలేదు. కూతురు అడగలేదు. ఆటో అతను వచ్చి, "ఏమవ్వా, పోదామా?" అంటే, "పోప్పా, మేం రాము" అంది జేజి.

ఆ తర్వాత

అంతటితో జబ్బు పోయిందని రాస్తే అది అబద్ధం. నిజం బయటపెడితే నింద పోయింది కానీ జబ్బు పోలేదు. లవణాలు సరిచేసి, మందులు, మాటల వైద్యం ఇచ్చి ఇంటికి పంపారు. జేజిని వెంటబెట్టుకుని డాక్టరమ్మ ఆ పసరు ఇచ్చే ఆయన దగ్గరికి కూడా పోయింది. నేను కొట్లాట అవుతుందనుకున్నాను. ఆయన చాప వేసి కూర్చోబెట్టాడట. "బిడ్డల బాధ పోవల్లనే ఇస్తాండా డాక్టరమ్మా" అన్నాడట. పసరు ఇవ్వడం మానలేదు. కానీ తిండి దగ్గర తిప్పలు పడే ఆడపిల్ల వస్తే ముందు ఆసుపత్రిలో చూపించుకు రమ్మంటున్నాడు. నా లెక్కలో అది చిన్న సంగతి కాదు. డాక్టరమ్మ తన ప్రశ్నల్లో "ఎప్పుడైనా మందు తీయించుకున్నావా?" అని ఒకటి చేర్చుకుంది.

పరీక్షల కాలంలో నాగవేణి మళ్ళీ జారిపోయింది. ఈసారి ఎవరూ మోసుకు రాలేదు. తనే ఒక్కతే బస్సెక్కి వచ్చి, గది గుమ్మంలో నిలబడి, "ఆయమ్మా, మళ్ళా మొదలైంది" అంది. ఆమె ఓడిపోయి వచ్చాననుకుంది. డాక్టరమ్మ, "దాచకుండా వచ్చావు చూడు, బాగవడమంటే ఇదే" అంది. తల్లికి, జేజికి, అత్తకు కబురు పెట్టి, "మీరూ ఆమెతో తినండి, ఆమెతో కూర్చోండి. ఇంటికి పోయాక ఈ పని మీదే" అని చెప్పింది.

ఆ రోజు సంగటి, పప్పు. హుసేన్ సాబు అందరికీ ఒకే కొలత ముద్దలు పెట్టాడు. ఎవరూ ఇంకొంచెం వేసుకో అనలేదు. జేజికి ఆ మాట అనకుండా ఉండడం ఎంత కష్టమైందో ఆమె ముఖంలోనే తెలిసింది. నాగవేణి ఆఖరి ముద్ద మింగింది. అందరం నేల మీద కూర్చున్నాం. నేను కొంచెం వెనక్కి జరిగాను. అది నా చోటు కాదిక.

కాసేపటికి పాప ముఖం పాలిపోయింది. తల్లి బాత్రూం తలుపు వైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. సుబ్బరత్న పాప చెయ్యి పట్టుకుంది.

"జేజీ, నా వల్ల కాదు" అంది నాగవేణి. "కడుపులో బరువుగా ఉండాది. శానా బరువుగా ఉండాది."

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో జేజి పాప పొట్ట మీద తన ముడతల చెయ్యి పెట్టి, ఎండాకాలం సంగతి చెప్పినంత మామూలుగా అంది.

"బువ్వ కదే. బరువుండకుండా ఎట్లుంటాది? ఉండనీ. మేమంతా ఈడనే కూసుంటాం."

నాగవేణి జేజి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూ కూర్చుంది. గంట దాటింది. ఆ తర్వాత కూడా ఎవరూ లేవలేదు.

ఇప్పుడామె కడపలో ఒక బడిలో పిల్లలకు పాఠాలు చెప్తోంది. జబ్బు ఇంకా అప్పుడప్పుడు తలుపు తడుతుందట, తనే ఫోన్ చేసి చెప్తుంది. నాకు అన్నం పెట్టిన ఆ వార్డుకు, నన్ను తిట్టిన రూతు సిస్టర్‌కు, నాకు తెలివి ఇచ్చిన డాక్టరమ్మకు, తమ మనసులో మాట చెప్పిన ఆ పిల్లలందరికీ నా సలాం. కొత్తగా వచ్చిన బిడ్డలారా, చదువు లేని చేతితో రాశాను. అక్షరాలు వంకరపోయిన చోట, మాట తప్పిన చోట మీ పెద్దమ్మ అనుకుని క్షమించండి.